కరపత్రంలో ‘మహిళలు’ అన్న మాట ఉంచాలా, తీసెయ్యాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖలో మీ సంస్థ గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెడుతోంది. కరపత్రం రాసే పని మీ మీద పడింది. ‘30 ఏళ్ళు దాటిన మహిళలందరూ రండి’ అని రాశారు. టీమ్‌లో ఒకరు, ట్రాన్స్ పురుషులకి (ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్ళకి) కూడా గర్భసంచి ఉంటుంది కదా, ‘మహిళలు’ తీసేసి ‘గర్భాశయ ముఖద్వారం కలిగిన వ్యక్తులు’ అని పెట్టమన్నారు. ఇంకొకరు అదంతా విదేశాల గోల, గాజువాకలో ఎవరికి అర్థమవుతుంది అన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నేను ఈ జిల్లాలోనే హెల్త్ ఎడ్యుకేటర్‌గా చేసి రిటైరయ్యాను. గోడ రాతలు, కరపత్రాలు, ఆటోల్లో మైకు ప్రచారం, ఆశా కార్యకర్తల ట్రైనింగు, ఇవే నా ఉద్యోగం. ఇప్పటికీ ఎవరైనా క్యాంపుకి పిలిస్తే వెళ్తుంటాను.

‘మహిళలు’ తీయకండి. దాని కింద ఇంకో వాక్యం చేర్చండి. ఆ వాక్యంలో ట్రాన్స్ పురుషులను పేరు పెట్టి పిలవండి. అంతకన్నా ముఖ్యం, కరపత్రం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా టోకెన్లిచ్చే బల్ల దగ్గర, రిజిస్టర్లో అడిగే ప్రశ్న మీద పెట్టండి. అవయవం గురించి అడగాల్సింది అక్కడ, గోడ మీద కాదు.

ఇక ఎందుకంటారా.

‘ముఖద్వారం కలిగిన వ్యక్తులు’ లాంటి మాటలతో అచ్చయిన కాగితం ఒకటి ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ఇచ్చి చదవమన్నాను. ఏ కాగితమైనా చదివించి ‘ఇది ఎవరికోసం రాశారంటారు?’ అని అడగడం నాకు అలవాటు. ఒకావిడ రెండుసార్లు చదివి, ‘ఆ జబ్బున్నోళ్ళకేమోనండి, నాకైతే లేదు’ అంది. పక్కావిడ ‘నాకూ లేదు’ అని కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. వాళ్ళ తప్పేమీ లేదు. షుగర్ ఉన్నవారు, బీపీ ఉన్నవారు, ఫిట్స్ ఉన్నవారు అని మనమే ఇన్నేళ్ళూ రాసుకుంటూ వచ్చాం. ఆస్పత్రి కాగితం మీద ఏదైనా ‘ఉన్నవారు’, ‘కలిగినవారు’ అని కనిపిస్తే మన జనానికి అది రోగమే. పైగా ముఖద్వారం అన్నది ఒళ్ళో ఎక్కడుంటుందో చాలామందికి తెలియదు. గర్భసంచి తెలుసు. ‘గర్భసంచి మూతి’ అంటే తెలుస్తుంది. అంతకన్నా లోతుకెళ్తే చదువుకున్నవాళ్ళు కూడా తడబడతారు.

దేశవ్యాప్తంగా 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యమేమో 2030 నాటికి 70 శాతం. ఇంత దూరం ఉన్నప్పుడు, కాగితం చూడగానే ‘ఇది నాకోసమే’ అనిపించే ఒకే ఒక్క మాటను మనమే కొట్టెయ్యడం నాకు ఎంత ఆలోచించినా సబబుగా తోచదు.

విదేశాల గోల అన్నారు కాబట్టి ఆ సంగతీ చెప్పేస్తాను. 2020 జులైలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 25 ఏళ్ళ నుంచి 65 దాకా అయిదేళ్ళకోసారి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) పరీక్ష మేలు అన్నది వాటి సారం. ఎవరికి అన్నచోట ‘సర్విక్స్ (గర్భసంచి మూతి) ఉన్న వ్యక్తులు’ అని రాశారు. సీఎన్ఎన్ వాళ్ళు అదే మాటతో ట్వీట్ పెట్టగానే, ఆడవాళ్ళని ఆడవాళ్ళనడానికి ఏమొచ్చిందని పెద్ద రగడ. మరుసటి సంవత్సరం లాన్సెట్ వైద్య పత్రిక ముఖపత్రం మీద ‘యోని ఉన్న దేహాలు’ అని అచ్చువేసి, ఎడిటర్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నా దృష్టిలో మార్గదర్శకాల్లో ఆ మాట తప్పు కాదు. అది డాక్టర్లు చదివేది. ఎవరికి పరీక్ష చెయ్యాలో ఎవరికి అక్కర్లేదో అక్కడ కచ్చితంగా ఉండాలి. డాక్టర్ల కోసం రాసిన వాక్యాన్ని ఎత్తుకొచ్చి గోడ మీద అంటించడం దగ్గరే వచ్చింది తంటా.

అలాగని మీ టీమ్‌లో మొదటివారిని పక్కన పెట్టెయ్యకండి. వారు చెప్పిన విషయం నిజం. ట్రాన్స్ పురుషుల్లో చాలామంది గర్భసంచి తీయించుకోరు. ఖర్చు, భయం, ఇంట్లోవాళ్ళు, కారణాలు ఎన్నో. గర్భసంచి మూతి ఉన్నంతకాలం హెచ్‌పీవీ రావడానికి అవకాశం ఉంది, అది ఏళ్ళ తరబడి తగ్గకుండా ఉండిపోతే క్యాన్సర్‌గా మారడానికీ అవకాశం ఉంది. ఈ క్యాన్సర్లు దాదాపు అన్నీ హెచ్‌పీవీ వల్లనే. అందులోనూ 16, 18 రకాలు రెండే పదింట ఏడింటికి కారణం. ఆ వైరస్ మీ పేరేంటి, మీ బట్టలేంటి అని చూడదు కదా.

నేను చూసినది ఒకటి చెబుతాను. ఏ క్యాంపు, ఎక్కడ అన్నది వదిలేయండి. ఓ కుర్రాడు వచ్చాడు. సన్నటి గడ్డం, ఫుల్ చేతుల చొక్కా, చేతిలో హెల్మెట్. ఆడవాళ్ళ వరసలో చివర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. భార్యకో అక్కకో తోడుగా వచ్చాడనుకున్నారంతా. ఆధార్‌లో మాత్రం పాత పేరే ఉంది. టోకెన్ బల్ల దగ్గరి అమ్మాయి ఆ పేరు గట్టిగా పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. అతను లేచాడు. వరసంతా తలలు తిప్పి చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను హెల్మెట్ పెట్టేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ క్యాంపు కరపత్రంలో ‘మహిళలు’ అని ఉంటే ఏం, ‘వ్యక్తులు’ అని ఉంటే ఏం? అతను కాగితం చదివే వచ్చాడు. వెళ్ళగొట్టింది కాగితం కాదు.

తర్వాత ఒక కౌన్సెలర్ ద్వారా అతను వేరేచోట పరీక్ష చేయించుకున్నాడు. అక్కడ చేసిందల్లా మూడు చిన్న పనులు. పేరు కాకుండా టోకెన్ నంబరు పిలిచారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక రమ్మన్నారు. లోపలి సిస్టర్‌కి ముందే చెప్పి ఉంచారు. ఆ సిస్టర్ సీనియర్, ఆవిడ అడిగిన మొదటి మాట, ‘బాబూ, ఇంజెక్షన్లు ఏవైనా తీసుకుంటున్నావా?’ అని. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తీసుకునేవాళ్ళకి లోపల పొడిబారిపోతుంది, స్పెక్యులమ్ (లోపల చూడడానికి పెట్టే పరికరం) పెడితే నొప్పి ఎక్కువ. చిన్న సైజుది తీసుకోవాలి, తొందరపడకూడదు. పాప్ స్మియర్ (గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి ల్యాబులో చూసే పరీక్ష) తీస్తే నమూనా చాలలేదని ల్యాబు నుంచి తిరిగి రావడం కూడా వీళ్ళలో ఎక్కువే. తిరిగొచ్చిందంటే జబ్బు ఉందని కాదు అన్నది ముందే చెప్పకపోతే మనిషి టెన్షన్‌తో చచ్చిపోతాడు. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షకి నమూనాను ఎవరికి వారే తీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దాన్ని ఒప్పుకుంది. మీ క్యాంపుకి ఆ కిట్లు దొరికే వీలుంటే ట్రాన్స్ పురుషులకే కాదు, బల్ల ఎక్కడానికి సిగ్గుపడే ఆడవాళ్ళందరికీ అది పెద్ద ఊరట.

భాష సంగతికొస్తే మనకి ఒక వెసులుబాటు ఉంది, వాడుకోండి. ‘మీకు 30 ఏళ్ళు దాటాయా? ఒకసారి చూపించుకోండి’ అంటే అందులో ఆడా లేదు మగా లేదు. ‘మీరు’ అని, ‘రండి’ అని రాస్తే చాలు, తెలుగులో సగం పని అయిపోతుంది. కౌంటర్ దగ్గర కూడా అంతే. ‘ఈవిడ వచ్చింది’, ‘ఇతను వచ్చాడు’ అనే బదులు ‘టోకెన్ పన్నెండు వచ్చారు’ అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. దీనికి ట్రైనింగు క్లాసులు, పీపీటీలు ఏమీ అక్కర్లేదు. మర్యాదగా మాట్లాడమంటే చాలు, అదే వస్తుంది.

మీరు నిజంగా తీసెయ్యాల్సిన మాటలు వేరే ఉన్నాయి. ‘వివాహిత స్త్రీలు’, ‘మాతృమూర్తులు’, ‘గృహిణులు’. మన కరపత్రాల్లో ఇవి కనీసం ఒక్కటైనా లేకుండా ఉండదు. పెళ్ళికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, విడిపోయి పుట్టింట్లో ఉంటున్న స్త్రీ, పిల్లలు లేని స్త్రీ, సెక్స్ వర్క్ చేసుకుని బతికే స్త్రీ, అందరూ ఆ మాటతో బయటికి పోతారు. భర్త పోయి ఇరవై ఏళ్ళయిన మామ్మ ‘నాకెందుకమ్మా ఇప్పుడవన్నీ’ అంటుంది. వైరస్ ఎప్పుడో పట్టుకుని క్యాన్సర్ ఇప్పుడు బయటపడవచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. లైంగిక సంబంధం ఎప్పుడైనా ఉందా అన్నది లోపల గదిలో, తలుపేసి, ఒక్కళ్ళనే అడగాలి. పెళ్ళి గురించి కరపత్రంలో ఊసే వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అవయవం గురించి అడగడం ట్రాన్స్ పురుషుల కోసం మాత్రమే అనుకుంటున్నారు మీ టీమ్‌లో ఇద్దరూ. ఆంధ్రప్రదేశ్‌లో దాని వల్ల ఎక్కువ లాభపడేది మామూలు ఆడవాళ్ళే.

2015–16 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా మనమే ఎక్కువ. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, నెలసరి ఎక్కువగా అవుతోందని ముప్ఫై అయిదు కూడా నిండకుండా తీయించేసుకున్నవాళ్ళు మన ఊళ్ళలో వీధికి కొందరుంటారు. మరోపక్క, పెళ్ళయిన స్త్రీలలో మూడింట రెండొంతుల మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్ళు. ఈ రెండూ కలిపి చూడండి. సర్వేకి వెళ్ళిన ఆశా కార్యకర్త ‘గర్భసంచి పరీక్షకి రావాలమ్మా’ అంటే, ‘నాకు ఆపరేషన్ అయిపోయిందిగా’ అని జవాబు వస్తుంది. కార్యకర్త రిజిస్టర్లో అడ్డగీత గీసి ముందుకెళ్ళిపోతుంది.

ఏ ఆపరేషన్? పిల్లల ఆపరేషనా, పెద్ద ఆపరేషనా? పిల్లల ఆపరేషన్ అంటే గొట్టాలు మాత్రమే కట్టేస్తారు, గర్భసంచి, దాని మూతి ఎక్కడివక్కడే ఉంటాయి. పరీక్ష తప్పనిసరి. పెద్ద ఆపరేషన్ అయితే మూతి కూడా తీశారా, ఉంచారా? కొందరికి పై భాగం మాత్రం తీసి మూతి వదిలేస్తారు. వాళ్ళకీ పరీక్ష కావాలి. మొత్తం తీసేసి, కారణం మామూలు గడ్డలు కానీ రక్తస్రావం కానీ అయితే పరీక్ష అక్కర్లేదు. క్యాన్సర్ కోసమో, క్యాన్సర్‌కి ముందు దశ మార్పుల కోసమో తీసి ఉంటే మళ్ళీ ఫాలోఅప్ ఉండాల్సిందే. డిశ్చార్జి కాగితం చూస్తే తప్ప ఇవి తేలవు. అది ఇనప్పెట్టెలో రేషన్ కార్డు పక్కనే ఉంటుంది, తెమ్మంటే తెస్తారు. తెమ్మని అడిగేవాళ్ళు ఉండాలంతే.

కాబట్టి రిజిస్టర్లో ‘స్త్రీ/పురుష/ఇతర’ గడి పక్కనే ఇంకో గడి గీయించండి: గర్భసంచి ఉందా? తీశారా? మూతి ఉందా? తెలియదా? ఈ నాలుగు ముక్కలు అందరినీ ఒకేలా అడగండి. ట్రాన్స్ పురుషుడు ఆ ప్రశ్నకి జవాబు చెబితే చాలు, ఇంకేమీ బయటపెట్టుకోనక్కర్లేదు. కంప్యూటర్లో ఎక్కించే ఏర్పాటు ఉంటే ముందుగా ఒక పని చెయ్యండి. ‘పురుషుడు’ అని నొక్కి, గర్భసంచి పరీక్ష పేజీ తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే ఆ మనిషి ఫలితం ఎక్కడ రాస్తారో, ఫోన్ ఎవరు చేస్తారో క్యాంపుకి ముందే తేల్చుకోండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఈ చర్చ అంతా ట్రాన్స్‌జెండర్ చుట్టూ తిరుగుతుంటే, మన తీరంలో మాటల వల్ల దశాబ్దాలుగా తప్పిపోతున్న మరో గుంపు ఎవరి కంటికీ ఆనడం లేదు. నోటి క్యాన్సర్ పోస్టర్ ఏది చూసినా మగవాడి బొమ్మే. గుట్కా నములుతూనో, సిగరెట్ వేళ్ళ మధ్య పెట్టుకునో. కింద ‘పొగతాగే పురుషులారా’ అన్న ధోరణి. భీమిలి నుంచి పూడిమడక దాకా, అటు శ్రీకాకుళం తీరమంతా చూసినవాళ్ళకి తెలుసు, చుట్ట కాల్చేది మగవాళ్ళే కాదని. పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ వేస్తారు. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. చేపల గంప నెత్తిన ఉన్నా, చేతులు వల బాగుచేస్తున్నా లోపల చుట్ట కాలుతూనే ఉంటుంది. సముద్రపు గాలికి ఆరిపోదంటారు. పెద్దల ఎదుట పొగ కనబడదనీ అంటారు. ఆ వేడి, ఆ పొగ తిన్నగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు. ఇక్కడ కాదు. మన ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు 1950ల్లోనే దీని మీద రాశారు.

ఒక పల్లెలో నోటి పరీక్ష క్యాంపు. కార్యకర్త అడుగుతోంది, ‘మామ్మా, సిగరెట్, బీడీ తాగుతావా?’ ‘ఛీ ఛీ, నానెందుకు తాగుతానే.’ ‘గుట్కా, ఖైనీ?’ ‘లేదమ్మా.’ రిజిస్టర్లో ‘అలవాట్లు లేవు’ అని పడింది. పక్కన కూర్చున్న నేను ‘అడ్డపొగ ఏస్తావేటి మామ్మా?’ అన్నాను. ‘అదేటి, అది అందరమూ ఏస్తాం గదా’ అని నవ్వింది. టార్చి వేసి తల వెనక్కి వాల్చమంటే అంగిలంతా తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఆవిడ అబద్ధం ఆడలేదు. అడ్డపొగ ఆవిడ లెక్కలో సిగరెట్టూ కాదు, దురలవాటూ కాదు. ఆవిడని అడిగిన ప్రశ్న మగవాళ్ళ కోసం తయారైనది.

మీ కరపత్రం గర్భసంచి గురించే అయినా క్యాంపు ఎలాగూ పెడుతున్నారు కదా. 30 దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భసంచి మూతి మూడూ చూడాలన్నదే జాతీయ కార్యక్రమం. జాలరిపేట వైపు పెడితే నోరు చూసే బల్ల ముందు ‘అడ్డపొగ వేసే అమ్మలు, మామ్మలు తప్పకుండా నోరు చూపించుకోండి’ అని ఒక అట్ట కట్టండి. అందరినీ కలుపుకునే మాట అంటే మా వైపు ఇది కూడా.

మగవాళ్ళ రొమ్ము క్యాన్సర్ గురించి క్లుప్తంగా. వంద రొమ్ము క్యాన్సర్లలో ఒకటి మగవాళ్ళది. దాని కోసం పోస్టర్‌లో ‘మహిళలు’ తీయనక్కర్లేదు. ‘మగవాళ్ళ రొమ్ములో గడ్డ తగిలినా డాక్టర్‌కి చూపించండి’ అన్న ఒక్క ముక్క కింద ఉంటే చాలు. అక్టోబరులో బీచ్ రోడ్డంతా గులాబీ రంగు పూసేస్తాం కాబట్టి, మగవాడికి అది ఆడవాళ్ళ జబ్బన్న అభిప్రాయం బలపడిపోయింది. గడ్డ తగిలినా చెప్పుకోడానికి నామోషీ పడతాడు. అలాగే హెచ్‌పీవీ టీకా. ఆడపిల్లలకే ముందు వెయ్యాలి, అందులో సందేహం లేదు. కానీ అది ఆడపిల్లల టీకా మాత్రమే కాదు. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెర్వావాక్ టీకాకి 9 నుంచి 26 ఏళ్ళ అబ్బాయిలకీ అనుమతి ఉంది. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలోనూ ఈ వైరస్ చెయ్యి ఉంది. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో అబ్బాయి గలవాళ్ళు అడిగితే, ‘మీకు అక్కర్లేదు’ అని పంపెయ్యకండి.

ఇక ట్రాన్స్ మహిళలు, హిజ్రాలు. మీ క్యాంపు వీళ్ళ గర్భసంచి గురించి కాదు, నిజమే. కానీ ‘ట్రాన్స్‌జెండర్లకు కూడా స్వాగతం’ అని కరపత్రంలో గుండుగుత్తగా రాస్తే ముందు వచ్చేది వీళ్ళే. వచ్చాక ‘మీకు ఇక్కడ పరీక్ష ఏమీ లేదు’ అని పంపేస్తే ఇక జన్మలో మీ గడప తొక్కరు. అందుకే ఎవరికి ఏ పరీక్షో విడిగా రాయాలి, లేదా వాళ్ళ కోసం ఇంకో కాగితం వెయ్యాలి. నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తీసేసే ఆపరేషన్) చేయించుకున్నా ప్రొస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది. దానికి క్యాన్సర్ అవకాశం తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు. మూత్రం సన్నగా వస్తోందన్నా, రాత్రుళ్ళు పదే పదే లేస్తున్నానన్నా దాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. హార్మోన్లు ఏళ్ళ తరబడి వాడితే రొమ్ము పెరుగుతుంది, కాబట్టి రొమ్ములో గడ్డ సంగతి వీళ్ళకీ చెప్పాలి. పొగాకు వాడేవాళ్ళయితే నోరు తప్పకుండా చూడాలి. హెచ్ఐవీతో జీవించేవాళ్ళకి హెచ్‌పీవీ క్యాన్సర్ల ముప్పు చాలా ఎక్కువ. గర్భసంచి మూతి క్యాన్సర్ అయితే హెచ్ఐవీ ఉన్న స్త్రీలకి ఆరు రెట్లు. కేజీహెచ్‌లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి మందుల కోసం వచ్చేవాళ్ళని, పరీక్ష చేయించుకున్నారా అని అక్కడే అడిగించగలిగితే మీ కరపత్రాలన్నిటికన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

వీళ్ళని చేరడానికి కరపత్రం పంచే కుర్రాళ్ళు పనికిరారు. గురువు దగ్గరికి వెళ్ళి కూర్చుని మాట్లాడాలి. గురువుకి నమ్మకం కుదిరితే చేలాలందరినీ, అంటే తన శిష్యులందరినీ, ఆవిడే వెంటబెట్టుకుని వస్తుంది. అప్పుడు అడుగుతారు, ‘జబ్బు బయటపడితే డబ్బెక్కడిది?’ అని. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకి 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రత్యేక ప్యాకేజీ ఒప్పందం జరిగింది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఏ కార్డుతో ఎక్కడికి వెళ్ళాలో, కార్డులో పేరు వేరేగా ఉంటే ఏం చెయ్యాలో ముందే ఆయా చోట్ల కనుక్కుని కాగితం మీద రాసిపెట్టుకోండి. పరీక్ష చేసి చికిత్స దారి చూపించకపోతే చెయ్యకపోవడమే నయం.

ఒక జాగ్రత్త. కలుపుకుపోవాలన్న తాపత్రయంలో అన్నీ ఒకే కాగితంలో ఇరికించకండి. పెళ్ళి విందులో ఒక్క విస్తరిలోనే ఊరందరికీ వడ్డించినట్టు ఉంటుంది. పెద్ద కరపత్రం ఆడవాళ్ళకి, అందులో ట్రాన్స్ పురుషులకి ఒక స్పష్టమైన వాక్యం. ట్రాన్స్ సమూహాలకి వాళ్ళతో కూర్చుని రాసిన వేరే కాగితం. ‘ట్రాన్స్ పురుషులు’ అనాలా, ‘ట్రాన్స్‌మెన్’ అనాలా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. ఊళ్ళో ఉన్నవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడగండి, వాళ్ళు ఏదంటే అది వెయ్యండి.

నేనైతే ఇలా రాస్తాను. నచ్చితే మార్చుకుని వాడుకోండి:

*మీకు 30 ఏళ్ళు దాటాయా?*
*గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌ను రాకముందే కనిపెట్టవచ్చు. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళు అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేకపోయినా, భర్త ఉన్నా లేకపోయినా, పిల్లల ఆపరేషన్ అయినా సరే రండి.*
*గర్భసంచి ఉన్న ట్రాన్స్ పురుషులకు కూడా ఈ పరీక్ష అవసరం. విడిగా సమయం కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.*
*గర్భసంచి తీసేశారా? ఆపరేషన్ కాగితాలు తీసుకుని రండి. పరీక్ష కావాలో అక్కర్లేదో చెబుతాం.*
*నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా క్యాంపు దాకా ఆగకండి. ఏ వయసు వారైనా వెంటనే డాక్టర్‌ని కలవండి.*

ఆఖరి వాక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేనివాళ్ళ కోసం. రక్తం పడుతున్న మనిషి మీ క్యాంపు తేదీ కోసం రెండు నెలలు ఆగిందంటే మీ కరపత్రం మేలు బదులు కీడు చేసినట్టే.

పరీక్ష ఎలా చేస్తారో కూడా నాలుగు ముక్కలు వెనకవైపు వెయ్యండి. సిస్టర్ పల్చటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిది, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తుంది. అనుమానం ఉన్నచోటు తెల్లగా తేలుతుంది. కోత లేదు, కుట్టు లేదు. టాటా మెమోరియల్ వాళ్ళు ముంబైలో లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు చేసిన ఈ చిన్న పరీక్షతోనే గర్భసంచి మూతి క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. డాక్టర్ లేకపోతే ఎలా అని సందేహించేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

బొమ్మ గురించి. నవ్వుతున్న తల్లీకూతుళ్ళ బొమ్మ అందరూ వేసేదే, అది వద్దు. క్యాంపు జరిగే భవనం గేటు ఫొటో వెయ్యండి, ఏ బస్ స్టాప్‌లో దిగాలో రాయండి. జనం దాచుకునేది అలాంటి కాగితాన్నే. ఫోన్ నంబరు మాత్రం ఆఫీసు ల్యాండ్‌లైన్ కాకుండా ఒక మనిషి చేతిలో ఉండే సెల్ నంబరు ఇవ్వండి. ఆ మనిషికి ఈ సమాధానంలోని ఆపరేషన్ల భాగం, ట్రాన్స్ పురుషుల భాగం చదివించి కూర్చోబెట్టండి. అచ్చుకి పంపేముందు డ్రాఫ్టు ఇక్కడే పెడితే నేనూ ఒకసారి చూస్తాను.